కొసరు

మైపాడు నుంచి మా పాటూరుకి
ఎండురొయ్యలు తెచ్చే పామంజి పోలేరమ్మ
గంప దించి, నా గళ్ళకాయితం మీదికి వంగి
"ఇట్టాంటి తీగలే మా ఇంట్లో జాడీ మీదుండాయబ్బా" అంది.

ఆదివారం మగ్గం ఆపి టీవీయెస్ తీశాను.

చీకటి కొట్లో, ఉప్పు సంచి పక్కన,
మెడ దాకా రొయ్యపొట్టు పోసుకుని ఉంది.
వాళ్ళత్తకి అత్త కాలంలో వల్లో పడిందంట.
భుజం మీద ఆల్చిప్పలు కరిచిన మచ్చలు.
తడిగుడ్డ పెట్టి తుడిస్తే
తెలుపులోంచి నీలం లేచింది,
తెల్లారగట్ల మంచులో
పడవలు ఒక్కోటే కనబడినట్టు.

మా తాత బానలో పులిసిన నీలిమందు నాకు తెలుసు.
అది నూలుకంటుకుంటుంది, గోళ్ళకంటుకుంటుంది,
ఉతుకు ఉతుక్కీ కాస్త కాస్త విడిచిపోతుంది.
ఇది నిప్పులో కాలి గాజు కిందికి దూరిన నీలం.
ఇన్నేళ్ళు నానబెట్టుకున్నా
సముద్రానికి ఒక్క చుక్క ఇవ్వలేదు.

పొట్ట మీద పొలుసుల జంతువు. పొడుగాటి మీసాలు.
"వాలుగ" అంది పోలేరమ్మ.
వాలుగకి కాళ్ళుంటాయా?
"గీసినోళ్ళు ఏ ఊళ్ళో చూశారో, నువ్వు పోయి చూశావా?"
దాని ముందు మంటలు చిమ్మే గుండ్రటి పూస.
"అది ఎర. నోరెట్టా తెరిచిందో చూడు."
కాయితం మీద నేనూ ఎర అనే రాసుకున్నాను.

పైన తామరతీగ, దాని పైన
చెవితమ్మెల్లా చుట్టుకున్న మబ్బులు.
నాలుగు పోగులకొక గడి లెక్కన ఎక్కించుకుంటూ
అడుగు అంచుకొచ్చాను.
అన్నీ అలలే. ఒకదాని వీపెక్కి ఒకటి.
వేలు పెట్టి లెక్కపెడుతూ జాడీ చుట్టూ పాకాను.
ఇరవైమూడు.
ఇరవైమూడో అలకీ మొదటిదానికీ మధ్య
ఇంకో అల పట్టనంత,
వదిలేస్తే కనిపెట్టేసేంత జాగా.
అక్కడొక అర అల.
మెడ వంచి, మోకాళ్ళు ముడుచుకుని,
బస్సులో సీటు కొసన సర్దుకున్న మనిషిలా.

చెయ్యి గబుక్కున వెనక్కి తీశాను.
తలుపు తోసి, అన్నం తింటున్న వాళ్ళని చూసినట్టయింది.
అడుగున ఏవో రాతలున్నాయి,
రాజు పేరో, కొట్టు పేరో.
గీసింది ఆడమనిషో మగమనిషో కూడా తెలీదు.
పొద్దు వాలేటప్పుడు పమిట చివర
రెండు పోగులు తక్కువపడితే,
పక్క గుంటలో వాళ్ళకి చెప్పకుండా
బుటాని కాస్త లాగి సరిపెట్టడం
ఆ చేతికీ తెలుసు.

తెల్ల నూలు, నీలం అంచు. చీర నేశాను.
ఇరవైమూడు అలలు, అర అల, మళ్ళీ ఇరవైమూడు.
షావుకారు అంచంతా గోటితో తడుముకుంటూ పోయి
సరిగ్గా అక్కడ ఆగాడు.
"తప్పు పడింది చెంగయ్యా."
కూలిలో రెండొందలు కోశాడు.
నోరు తెరిస్తే జాడీ దగ్గర్నుంచీ చెప్పుకురావాలి.
తల గోక్కుని వచ్చేశాను.

శుక్రవారం పోలేరమ్మకి చెప్పాను.
తక్కెడ చేతిలో పట్టుకునే విన్నది.
"తప్పెట్టవుద్ది? కొసరు గదా అది!
ఆ మారాజు ఏనాడన్నా కొసరేసిన మొగమా?"
అని, తూచిన రొయ్యల మీద
ఇంకో గుప్పెడు పోసింది.