స్టేజీ దాటిన అంకె

"ఏం తిన్నావు, కోటేశ్వరీ?"
"డిపో దగ్గర రెండిడ్లీ, అల్లం చట్నీ"
నేరం ఒప్పుకున్నట్టు చెప్పాను.
నవ్వింది సువార్తమ్మ,
కృష్ణలంక ఆరోగ్య కేంద్రంలో
సూదుల డబ్బా సర్దుకుంటూ.
"తిన్నా పర్లేదే. ఈ పరీక్షకి కడుపు మాడ్చుకోనక్కర్లేదు."

మా తోడికోడలికి సూర్యారావుపేటలో చేశారు.
పరగడుపున ఒక పోటు,
తాగిన గంటకొకటి, రెండో గంటకొకటి.
మూడు దూది ముక్కలు దాచి మరీ చూపించింది.
నాకు ఒక్కటే.
తెల్లారగట్ల బస్సు దిగి వచ్చేదాన్ని
మళ్ళీ రేపు పస్తుండి రమ్మంటే
వస్తానా?

డెబ్బయి అయిదు గ్రాముల గ్లూకోజు పొడి,
పెద్ద స్టీలు గ్లాసుడు నీళ్ళు.
నిమ్మచెక్క పిండినా
తీపి తీపిగానే ఉంది,
మాటలు రాని తీపి.
మంగళగిరి కొండ మీది సామి
సగం పానకం తాగి సగం తిరిగిచ్చేస్తాడు.
నాకా వెసులుబాటు లేదు.
చుక్క మిగలకూడదు,
కక్కితే మళ్ళీ మొదటికి.

ఇక రెండు గంటలు కూర్చోవాలట.
నాకు గంటలు తెలీవు, ట్రిప్పులే తెలుసు.
రెండు గంటలంటే గుంటూరు పోయి రావడం.
చెక్కబల్ల మీద కదలకుండా
రైట్ రైట్ అన్నాను లోలోపల.

వారధి మీద గాలి.
తాడేపల్లిలో మల్లెపూల బుట్టకి లగేజీ కొట్టాలా వద్దా.
మంగళగిరి దగ్గర
లోపల నువ్వు ఒక్క తన్ను తన్నావు.
అప్పుడనిపించింది,
తాగింది నేను,
సగం అందింది నీకేనేమో.
టిక్కెట్టు లేని వయసు నీది,
అయినా ఈ పూట నీ లెక్కే చూస్తున్నారు.
కాజ టోల్‌గేటు.
పెదకాకాని.
గుంటూరు స్టాండులో బండి తిప్పాం.
తిరుగు ట్రిప్పులో కాస్త కునుకు పట్టింది.

వేలి చివర చీమ కుట్టినట్టు.
మిషను కాసేపు ఆలోచించింది.
నూట నలభై ఆరు.
"నూట నలభైకి లోపుండాలమ్మా."

ఎంతమందికి చెప్పుంటాను,
స్టేజీ దాటారు, తేడా కట్టండి అని!
ఆరు రూపాయల కోసం ఒకాయన
నంబూరు నుంచి గుంటూరు దాకా పోట్లాడాడు.
నా ఆరు కోసం
నేనెవరితో పోట్లాడను?

అన్నం తగ్గించమంది,
సాయంత్రం నడవమంది,
రెండు వారాలాగి మళ్ళీ రమ్మంది.
భయపడకు అని మాత్రం అనలేదు.
కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసి,
నా భుజమ్మీద చెయ్యి
కాస్త ఎక్కువసేపే ఉంచింది.

బస్టాండులో మా డ్రైవరు నాగుల్‌మీరా
ఏం మాట్లాడకుండా టీ చెప్పాడు.
"పంచదార లేకుండా" అన్నాను.
కొట్టువాడు
ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.