గాజు తుడిచే చేప

ముప్పై రూపాయలకొకటి అమ్మినాను.
గడియారం ఆసుపత్రి సందులో ఆరు తొట్ల అంగడి నాది.
గాజుకు మూతి అతికించుకొని
అది పాచిని నాకుతా పోతుంటే
పిల్లోళ్లు వేలు పెట్టి చూపించేవాళ్లు.
"తొట్టి కడిగే పని తప్పుతుందమ్మా" అంటే చాలు,
తల్లులు పర్సు తీసేవాళ్లు.

వేలెడు చేప రెండేండ్లకు మూరెడవుతాది.
ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.
చంపను చేతులు రాక
బకెట్లో పెట్టుకొని, మునిమాపు వేళ
జోహరాపురం వంతెన మీద నుంచి హంద్రీలోకి ఒంపి
పుణ్యం చేసినట్టు ఇంటికి పోయినారు.
నేనూ రెండుసార్లు ఒంపినాను.

మొన్న ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం
మద్దిలేటి వచ్చినాడు.
భుజాన వల, వలలో బొక్క,
బొక్కలో నా తల పడుతుంది.
మూట విప్పి గల్లాపెట్టె పక్కన పెట్టినాడు:
నల్లగా, ఒళ్లంతా ముళ్ల పెంకు,
నీళ్లు లేకున్నా ఇంకా మూతి ఆడిస్తా ఉంది.
"ఇది నీదేనా మౌలాలన్నా?"
తిట్టలేదు.
తప్పిపోయిన మేకపిల్లను అప్పజెప్పను వచ్చినోని మాదిరి అడిగినాడు.

ఏం చెప్తాను?
వల కోసం చేసిన అప్పు పద్దెనిమిది వేలంట.
దీన్ని కోస్తే కత్తి దిగదు, వండితే కూర కాదు,
కుక్క కూడా వాసన చూసి పక్కకు పోతుంది.
పరిగెలు లేవు, జెల్లలు లేవు.
ఉరుకుందమ్మ గంపలో పులుసుకు సరిపడా
ఏటి చేప కనపడి ఆర్నెల్లాయె.

సుంకేసుల కింద తుంగభద్ర అప్పటికే
మడుగులు మడుగులుగా తెగిపోయింది.
బండల నడుమ ఒకచోట ఆపినాడు.
నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఏదో కదిలింది.
"కొర్రమీను పిల్లలు" అన్నాడు,
బాలింత గదిలో మాట్లాడినంత మెల్లగా.
కింద నీడలాగా తల్లి. కొంచెం ఎడంగా తండ్రి.
"పిల్లలతో ఉన్నప్పుడు మా తాత గాలం వేసేవాడు కాదు.
పొయ్యి వెలగని రోజు కూడా."

అడుగున గాజు తుడిచేవి పదకొండు.
చేతులకు గుడ్డలు చుట్టుకొని తోకలు పట్టి లాగినాం.
ముళ్లు దిగి నా బొటనవేలు వారం వాచింది.
గట్టు మీద అవి గురగురమన్నాయి.
ఎక్కడో సముద్రాల అవతల
వాటికీ ఒక ఏరు, ఒక ఊరు ఉండే ఉంటాయి.
ఐనా తిరిగి నీళ్లలో వేయలేదు.
గుంత తీసి పూడ్చినాం.
మద్దిలేటి అప్పుడు నా దిక్కు చూడలేదు.

పది దినాలకు ఆ మడుగు ఇంకిపోతుంది.
తల్లినీ తండ్రినీ తడిగోనెలో చుట్టి
పెద్ద మడుగుకు మోసినాం.
పిల్లల్ని మోయలేం, అక్కడ అడుగంతా అవే.
రంగుచేపల్ని అడ్డికి పావుసేరు లెక్కన అమ్మేసి
ఆరు తొట్లలో ఎర్రపిల్లల్ని పోసినాను.
కరెంటు పోయిన రాత్రి మా తాహెరా
చెంబుతో నీళ్లెత్తి పోస్తా తెల్లార్లూ కూర్చుంది,
"కొనేవాళ్లు లేని సరుకుకు ఈ సేవేంది" అని తిడుతూనే.

ఒకదాన్నొకటి తింటాయని
మద్దిలేటి ముందుగా చెప్పలేదు.
మూడువందల పైచిలుకు,
నూటతొంభై,
తొంభై.
పొద్దున్నే లైటు వేయాలంటే భయమయ్యేది.

గేట్లెత్తినారని విన్నరోజు
ఆటోలో బిందెలు కట్టుకొని పోయినాం.
అరవై మూడు.
ఎర్రనీళ్లలో ఒక్కటీ వెనక్కి తిరగలేదు.
ఎన్ని బతుకుతాయంటావు అని అడిగితే
మద్దిలేటి కొత్త వల సర్దుకుంటా
"నన్నెందుకు, ఏటిని అడుగు" అన్నాడు.

నిన్న ఒకామె వచ్చింది, వెంట పాప.
"గాజు తుడిచే చేప ఉందా?"
లేదమ్మా.
పాత నూలుగుడ్డ ఒకటి చింపి ఊరికే ఇచ్చినాను.
పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"ఇది ఈదుతుందా?" అనింది.