రూపాయల్లో రాయకండి

సంఘం గది అంటారు గానీ గది కాదు,
బోటనీ ల్యాబు వెనక విరిగిన బల్లలు పేర్చిన వసారా.
ఎన్నికల్లో గెలిచినందుకు మాకు దక్కినవి
ఒక తాళంచెవి, ఒక రబ్బరు స్టాంపు,
సగం వాడేసిన లాంగు రిజిస్టరు.

ఫీజు పెంచిన నోటీసు అంటించిన రోజు
అందరూ గేటు మూసేద్దాం అన్నారు.
నేను రిజిస్టరు తెరిచాను.
పేరు రాయండి, ఊరు రాయండి,
ఇంట్లో ఎవరు, దేంతో కడుతున్నారో రాయండి.
రూపాయల్లో మాత్రం రాయకండి.

ముందు నవ్వారు.
ఓ కుర్రాడు నిజాయితీగానే రాశాడు:
"నాన్న ఫోన్లో ఒక్క నొక్కు."
కొట్టెయ్యనివ్వలేదు. అదీ లెక్కే.

తర్వాత కడలి హారిక పెన్ను అడిగి తీసుకుంది.
"అమ్మ అల్లే లేసు పువ్వులు: ఏడువేల రెండొందల యాభై."
సున్నా ఎక్కువ పడిందేమోనని గుణించి చూశాను.
పువ్వుకి రెండు రూపాయలు,
ఫీజు పద్నాలుగువేల ఐదొందలు.
సరిగ్గానే ఉంది.
దారం షావుకారుదేనట,
కళ్ళు మాత్రం అమ్మవి.

నాగిడి వీరేషు:
"చెరువుగట్టు మీద బాబాయి కాపలా, నలభై ఎనిమిది రాత్రులు.
ఏరేటరు ఆగితే రొయ్య తేలిపోద్ది,
అంచేత పడుకున్నా నిద్ర కాదు."

నేలపూడి ఎస్తేరు ఎన్ని కిలోలో వెయ్యలేదు.
"షెడ్డులో రొయ్య తలలు తీస్తాం, అమ్మా నేనూ.
ఐసు నీళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కి
లెక్క తప్పిపోయింది" అని రాసింది.
ఆ పేజీలో అక్షరాలు వంకర.

సఖినేటిపల్లి నుంచి వచ్చేవాళ్ళు ఐదుగురూ ఒకటే రాశారు:
పంటు.
గోదారి మీద గాలి లేస్తే పంటు ఆగుద్ది,
పంటు ఆగిన రోజు హాజరు పోద్ది,
హాజరు పోతే జరిమానా.
గాలికి కూడా మేమే కడతన్నాం.

కొబ్బరి వలిచే గెడ్డం ప్రభుదాసు
ఆఖర్న, నిలబడే రాశాడు:
"కాయకి రూపాయి. ఆదివారాలు వలుస్తాను.
సంవత్సరానికి ఆదివారాలు చాలట్లేదు."

కరస్పాండెంటు గారి గది చల్లగా ఉంది.
ఆయన నాలుగు పేజీలు తిప్పి
"ఏమ్మా సెక్రటరీ, ఇందులో మొత్తమేదీ?" అన్నారు.
అకౌంటెంటు గారు అలవాటుకొద్దీ కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నారు.
పువ్వులు. రాత్రులు. కాయలు.
కాసేపు వేళ్ళు అలా పైనే ఉంచి
"ఇవి కలవవండి" అన్నారు.

నేను రాసుకెళ్ళిన ఉపన్యాసం మడత విప్పలేదు.
"ఆయ్, కలవవండి. అది చెబుదామనే వచ్చాం."

ఫీజు తగ్గలేదు.
మూడు వాయిదాలన్నారు,
బాకీ ఉన్నా హాల్ టికెట్టు ఆపమన్నారు,
పంటు ఆగిన రోజుకి జరిమానా లేదన్నారు.
కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చాను.
వసారాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"ఇంతేనా?" అన్నాడు వీరేషు.
అమ్ముడుపోయానని ఇంకెవరో అన్నారు, నాకు వినపడేటట్టే.
జవాబు లేదు నా దగ్గర.
గేటు మూసుంటే ఇంకాస్త వచ్చేదేమో.
ఏమీ వచ్చేది కాదేమో.
ఆ రాత్రి రెండు లెక్కలూ వేసుకుంటూ పడుకున్నాను.

రిజిస్టర్లో నా వరస ఇంకా ఖాళీ.
మా నాన్న లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు,
దినకూలీ మీద.
కాలువ కట్టేసిన నెలలకి ఏం రాయాలో తెలీక వదిలేశాను.

పొద్దున్నే హారిక వచ్చింది,
ఇంకా ఎవరూ రాకముందే.
ఏడువేల రెండొందల యాభై మీద గీత కొట్టి
పక్కన రాసింది:
ఏడువేల రెండొందల పంతొమ్మిది.
"రాత్రి కరెంటు పోలేదు" అంది.
స్టాంపు వెయ్యమంది.
దేనికని అడగబోయి, ఆగి,
ప్యాడు మీద అద్ది
గట్టిగా నొక్కాను.