మేత

మార్గశిరం.
మాట్లాడుకునేంత పొద్దుండదంటారు.
రాత్రి మాత్రం తెమలదు
కాట్రేనికోన అవతల మా రొయ్యల చెరువు గట్టు మీద.

నాలుగు ఏరియేటర్లు నీళ్లను చిలుకుతూనే ఉంటాయి.
వాటి హోరుకు అలవాటుపడ్డ చెవి
కరెంటు పోతేనే ఉలిక్కిపడి లేస్తుంది.
అదే నా ఉద్యోగం:
నిద్రపోకుండా ఉండటం, వేళకి మేత చల్లటం.

సంచి మీద రాసుంటుంది, కూడబలుక్కుని చదువుతాను.
మాంసకృత్తులు ముప్పై అయిదు పాళ్లు,
కొవ్వు అయిదు, పీచు నాలుగు,
తేమ పదకొండు దాటకూడదు.
చలి ముదిరిందంటే ఓనరుగారికి నిద్రుండదు.
"ఒరే లోవరాజూ, విటమిన్ సి కలిపావా?
మినరల్ ఎంత పోశావ్?
ట్రేలో మేత మిగిలిందా? ఫొటో పెట్టు."
పెడతాను.
మిగిలితే రేపు తగ్గిస్తాను,
ఊడ్చేస్తే ఇంకో గుప్పెడు పెంచుతాను.

నా కంచం ఫొటో ఎవరూ అడగలేదు.
అడిగినా ఏముంది,
ఓ టీ గ్లాసు, ఓ సగం బన్ను,
దాని మీద మంచు.

పొడి మేతని పట్టుకోవాలంటే తెల్లసొన ఉండాలి.
తెల్లారగట్ల డజను గుడ్లు కొడతాను
వేళ్లు కొంకర్లు పోతుంటే.
తెల్లసొన రొయ్యకి.
పచ్చసొన నల్లోడికి.
మా కుక్కని చూడాలి మీరు,
ఆముదం పెట్టి దువ్విన తల్లాగా
ఒళ్లంతా నిగనిగ!

దగ్గు పదో రోజుకొచ్చాక
ఏఎన్నెమ్ కరుణకుమారి స్కూటీ గట్టెక్కింది.
చక్రాలు కనపడలేదు ముందు, మంచులో తేలుతూ వచ్చింది.
నా కిందిరెప్ప లాగి చూసి
"సున్నం కొట్టించావా అన్నయ్యా లోపల?" అంది.
వేలు పొడిచింది. చుక్క రావటానికి బతిమాలాల్సొచ్చింది.
తొమ్మిది.
పదమూడు దాటి ఉండాలట.
నల్లోడు వచ్చి ఆమె చెయ్యి నాకాడు.
"దీనికి పరీక్ష అక్కర్లేదు" అంది.
మాత్రలిచ్చింది. తిట్టింది. వెళ్తూ వెళ్తూ వంగి
నా చెప్పు పక్కనించి ఏదో గిల్లి చేతిలో పెట్టింది.
పొన్నగంటికూర.
మూడేళ్లుగా దాని మీదే నిలబడి మేత చల్లుతున్నాను.

ఆ సాయంత్రం రెండు పీతలిచ్చి
తాళ్లవరస కింద పాతర తవ్వుతున్న చెల్లాయమ్మ దగ్గర
తేగలకట్ట తీసుకున్నాను.
కుండలో పెట్టి తంపటేసింది తనే.
"నమిలి తినరా, మింగటానికి మాత్ర కాదు."
పొట్టు ఒలిస్తే పొగ, మట్టివాసన,
పళ్లసందున ఇరుక్కునే నార.
నిలువునా చీల్చితే నడుమ సన్నటి మొలక.
చిన్నప్పుడు దాన్ని చందమామ అనేవాళ్లం.
ఎన్నాళ్లయిందో చందమామని చూసి!
రోజూ రాత్రంతా దాని కిందే కూర్చుంటాను గానీ.

మర్నాడు పచ్చసొనలు క్యారేజీలో పోసుకుని ఇంటికెళ్లాను.
నల్లోడు సగందూరం వెంటొచ్చి
నమ్మకద్రోహం చేసినవాణ్ణి చూసినట్టు చూశాడు.
భూలక్ష్మి రోలు దగ్గరుంది.
నల్లనువ్వులూ బెల్లమూ కలిపి దంచుతోంది,
చిమ్మిలి అంచు తీసి నోట్లో పెట్టింది, ఏమిటని అడగకుండానే.
నూనె ఊరింది నాలిక మీద,
వెచ్చగా, ఎవరో భుజమ్మీద చెయ్యేసినట్టు.

పొన్నగంటాకు తరిగి, ఉల్లిపాయ వేసి
అందులో పచ్చసొనలు కొట్టింది.
ఇంత ఉసిరికాయ పచ్చడి, వేడన్నం.
మా పిల్ల హంసిని మూకుడు అడుగు గోకి
"నాన్నా, మీ రొయ్యలకి ఇదే పెడతారా?" అంది.
"వాటికి ఇందులో సగమేనమ్మా" అన్నాను.
అబద్ధం కాదు కదా.

రెండో వాయి పెట్టింది. దగ్గలేదు నేను.
నల్లోడికి రెండు ముద్దలు కట్టించుకుని
గట్టు మీదికొచ్చేసరికి ఫోను.
"ట్రే ఫొటో ఏదిరా?"

నేనేం తాగిలేను.
వేళ్లు మాత్రం, చలికో ఏమో,
ఇంటి దగ్గర తీసుకున్న ఇంకో బొమ్మ పంపాయి.
స్టీలు కంచం. మెతుకు లేదు.
అంచున ఒక్క ఉసిరిగింజ.

రెండు నీలం టిక్కులు పడ్డాయి.
చాలాసేపు ఏమీ రాలేదు.
"ఇదేంట్రా?"

"ఊడ్చేసిందండి.
రేపట్నించి ఇంకో గుప్పెడు పెంచాలి. ఆయ్."