రెండు బస్తాల పైన

వాల్పరైసోలో మా కొండ ఎక్కే లిఫ్టు పెట్టె
ఏప్రిల్లో ఆగిపోయింది,
సగం దారిలో, సముద్రం వైపు మొహం పెట్టి.
కాలం కలిసిరాకపోతే తాడే పామవుతుందంటారు,
మాకు తాడు తాడుగా కూడా మిగల్లేదు.
రెండు వారాలన్నారు మున్సిపాలిటీ వాళ్ళు.
ఇక్కడ రెండు వారాలంటే ఎంతో
పాలు తాగే పిల్లకైనా తెలుసు.

అప్పటికి నేను
రెండు బస్తాల పద్దెనిమిది కిలోలు.

బేకరీలో మైదా తూచే కాటా తప్ప
ఇంకో కాటా ఎక్కేదాన్ని కాదు.
ఆసుపత్రిలో ముల్లు చివరికంటా పోయి ఆగినప్పుడు
నర్సు కిటికీలోంచి బయటికి చూసింది.
అదీ ఒక మర్యాదే.
అందుకే తెల్లవారి మూడింటికి,
పొయ్యి వెలిగించి, ఎవరూ రాకముందు,
చెప్పులు విడిచి బస్తాలా నిలబడేదాన్ని.
బస్తా యాభై. లెక్క తేలిక.

గుండెలో నిరుడే స్టెంటు వేశారు.
ఎడమ మోకాలు అంతకు ముందే అరిగింది.
ఓస్వాల్దో వెళ్ళిపోయిన ఏడాది
అమ్ముడుపోని రొట్టెలన్నీ ఇంటికి తెచ్చుకునేదాన్ని.
వేడి చేసి, చీల్చి, వెన్న పూస్తే
ఎవరో నాతో మాట్లాడినట్టుండేది.
తిండిపోతు అన్నవాళ్ళని నేనేమీ అనను.
వాళ్ళింట్లో రాత్రిపూట
పక్క గదిలో ఎవరో ఒకరు దగ్గుతారు.

నూట అరవై మూడు మెట్లు.
మొదటిరోజు పదకొండో మెట్టు మీద కూలబడ్డాను.
అది ఏడుపు కాదు, ఊపిరి.
చూసేవాళ్ళకి రెండూ ఒకటే.
గ్యాస్ సిలిండరు భుజానేసుకున్న కుర్రాడు
ఈల వేస్తూ నన్ను దాటిపోయాడు.
వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ముప్ఫై రెండో మెట్టు మీద ఓ కుక్క పడుకునేది.
ఏ పనీ చేయదు కనుక
అందరూ దాన్ని మంత్రి అంటారు.
నేను ఆయాసపడుతూ వస్తుంటే
బద్ధకంగా లేచి, ముందు నడిచి,
నేను ఆగినచోట ఆగి
నా వంక కాదు, ఓడల వంక చూసేది.
అలా చూడటం వల్లే దాన్ని ఇష్టపడ్డాను.

జూన్‌కి రెండు బస్తాల తొమ్మిది.
జులైలో వాన. నాచు. తొంభయ్యో మెట్టు.
కుడి మణికట్టు పుల్లలా విరిగింది.
కట్టు కట్టిన వారానికి ఇకీకే నుంచి ఫోన్,
అక్క గ్రిసెల్దా ఇక లేదని.
ఒంటి చేత్తో పిండి పిసకలేను,
బస్సులో ఇరవై నాలుగ్గంటలు కూర్చోలేను.
ఏం చేశానో అడక్కండి.
రొట్టెలు మళ్ళీ ఇంటికొచ్చాయి.

కట్టు విప్పాక కాటా ఎక్కితే పదహారు.
చాలాసేపు అలాగే నిలబడ్డాను,
ఇంకాసేపు నిలబడితే ముల్లు జాలి పడుతుందేమోనని.

ఆ సాయంత్రం మెట్ల కింద నిలబడి లెక్కపెట్టాను.
నూట అరవై మూడే.
నేను పెరిగాను గానీ
అవేం పెరగలేదు.

తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు.
ఎక్కాను. మోకాలు నొప్పి పెట్టినరోజు
సగంలో ఎవరిస్తోగారి గుమ్మం ముందు కూర్చుని
ఆయన పావురాల మీద ఫిర్యాదులు విన్నాను.
మందులు వేసుకున్నాను. మళ్ళీ ఎక్కాను.
మార్చిలో ఒక తెల్లవారుజామున
రెండు బస్తాలకి అరకిలో తక్కువ.
ఎవరికీ చెప్పలేదు.
పొయ్యిలోంచి తీసిన మొదటి రొట్టె కొస
వెన్నతోనే తిన్నాను, నిలబడి, నెమ్మదిగా.
ఈసారి అది నాతో ఏమీ మాట్లాడలేదు.
రొట్టెలాగే రుచిగా ఉంది.

రెండు వారాలు పద్నాలుగు నెలలకి పూర్తయ్యాయి.
బ్యాండు మేళం, రిబ్బను, కొత్త తాడు.
"నువ్వు మెట్లే ఎక్కుతావులే ఎర్సీలియా"
అన్నాడు ఎవరిస్తో అందరూ వినేలా.
మోకాలు సలుపుతోంది. టిక్కెట్టు కొన్నాను.
పెట్టె పైకి జరుగుతుంటే
కిటికీలోంచి మెట్లు పక్కనుంచి కనిపించాయి,
ఎవరివో అన్నట్టు, ఎంత నిటారుగా!
ముప్ఫై రెండో మెట్టు మీద మంత్రి
లేచి నిలబడి ఉంది,
ఈసారి ఓడల వంక కాదు,
కింది మలుపు వంక చూస్తూ.

పైన దిగి, మెట్లవైపు తిరిగాను.
దాని దాకా నూట ముప్ఫై ఒకటి దిగాలి.
దిగితే మళ్ళీ
అన్నీ ఎక్కాలి.