ఒక చేయి జేబులో

ఓల్డమ్‌లో నవంబరొస్తే నాలుగింటికే పొద్దు కూకుతుంది.
మా బొగ్గుగదికి పదకొండు మెట్లు,
పదకొండోది విరిగింది.
అక్కడికో దీపం కావాలి.
కొంటే నలభై పౌండ్లు.
నా దగ్గర పాత టీవీలోంచి పీకిన ఎల్ఈడీ పట్టీలున్నాయి,
పక్కవీధిలో పారేసిన అల్యూమినియం కర్టెన్ పట్టా ఉంది,
ఆదివారం ఉంది.

ఒక్కో దీపం బియ్యపు గింజ కూడా కాదు, నూక.
మూడు వోల్టులు.
చిన్నప్పుడు నాలుక మీద పెట్టుకుని చూసిన
బ్యాటరీ కంటే బీద.
దీనికి భయపడేదేముంది?

చచ్చిన బల్బు గొంతులోంచి డ్రైవరు తీశాను.
అగ్గిపెట్టెలో పట్టేస్తుంది.
ఎనభై నూకలు వరసగా టంకం పెట్టాను, ప్లగ్గు పెట్టాను.
వెలిగింది.
వెలిగితే సరిగ్గా ఉన్నట్టే అనుకున్నాను.

ఎడమ చేయి మెట్ల పక్క ఇనప కమ్మీ మీద.
పట్టాని కాస్త జరుపుదామని
కుడిచేయి చాచానో లేదో

ఛాతీలో ఎవరో తలుపు దబాల్న వేశారు.

ఇల్లంతా ఆరిపోయింది. ఫ్రిజ్ మూలుగు ఆగింది.
మీటరు పక్కన ఆ చిన్న మీట
నాకంటే ముందే తెలుసుకుని కింద పడింది.

గోడ అవతల నుంచి చీపురుకర్రతో రెండు దెబ్బలు:
బతికున్నావా?
ఒకటి కొట్టాను: ఉన్నాను.

టార్చితో, ఇంటి చెప్పులతో వచ్చింది మోరీన్ ఎంట్‌విజిల్.
డెబ్భై ఎనిమిదేళ్లు. అందులో ముప్ఫై
ట్రాన్స్‌ఫార్మర్ల కార్ఖానాలో కాయిల్స్ చుట్టింది.
కుడి చిటికెన వేలు తెల్లగా, వంకరగా.
దాని కథ అడగలేదు, చెప్పలేదు.

"ఇది వోల్టులు తగ్గించలేదు పిల్లా, పంచిపెట్టిందంతే.
ఎనభైమంది చేతులు పట్టుకుని నిలబడితే
మొదటివాడి చెయ్యి గోడ సాకెట్లోనే ఉంటుంది."
టంకం చుక్కొకటి పట్టాకి ఆనిన చోటు
వేలితో కాదు, పెన్సిలుతో చూపించింది.
"నేను చుట్టిన రెండు తీగలూ పక్కపక్కనే ఉండేవి,
జన్మలో తాకవు. తాకకుండానే ఇచ్చిపుచ్చుకుంటాయి."
కాస్త ఆగి, మా ఇద్దరి మధ్య గోడని చూసి నవ్వింది.

ప్లగ్గు పీకి చెయ్యి పెట్టబోతే కసిరింది.
కెపాసిటరు ఇంకా దాచుకునే ఉందట.
నివురుగప్పిన నిప్పని మనసులో తర్జుమా చేసుకున్నాను.

మరుసటి ఆదివారం మళ్లీ మొదలు.
ఇరవైనాలుగు వోల్టుల డ్రైవరు, పదకొండు పౌండ్లు,
లోపల తాకని తీగలున్నది.
నూకలు ఏడేసి చొప్పున, వరసకో రెసిస్టరు.
ప్లగ్గులో పదమూడు ఆంపుల ఫ్యూజు తీయించింది, మూడుది వేయించింది:
"పదమూడుది కరిగేలోపు తీగ కాలుతుంది, తీగ వెనకే పరదా."

మాకు ఎరుపంటే జాగ్రత్త.
ఈ ఇంటి పాత గోడల్లోనూ ఎరుపే.
కొత్త తీగలో మాత్రం కాటేసేది మట్టిరంగుది.
నిజంగా మట్టికి పోయేదేమో
గడపలా పసుపూ, తోరణంలా పచ్చా కట్టుకుని
డ్రైవరు ఇనప డబ్బా ఒంటిని పట్టుకుని కూర్చుంటుంది.

"టెస్టరుని ముందు బతికున్న సాకెట్లో చూడు.
తర్వాత చచ్చిందనుకున్న తీగ మీద.
మళ్లీ బతికున్నదానిలో.
చచ్చింది తీగో టెస్టరో తెలియాలిగా?"

ఇంకొకటి, అన్నింటికన్నా ముందు చెప్పాల్సింది,
గుమ్మం దాటుతూ చెప్పింది:
"తప్పక ముట్టుకోవాల్సొస్తే ఒక్క చేత్తోనే.
రెండోది జేబులో.
గుండె రెండు చేతుల మధ్య ఉంటుంది."

ఇప్పుడు మెట్లన్నీ కనిపిస్తాయి.
పదకొండోది విరిగే ఉంది,
ఇంతకుముందు కంటే బాగా తెలుస్తోంది.

రాత్రి పదింటికి గోడ మీద రెండు దెబ్బలు.
కుడిచేత్తో ఒకటి కొడతాను.
ఎడమచెయ్యి స్వెట్టరు జేబులో,
అక్కడ వెచ్చగా
పదమూడు ఆంపుల ఫ్యూజు.