నల్లజీడి గుర్తు

నేను రాసింది నాలుగు లైన్లు:
దూసి దగ్గర, నాగావళి వంతెన దాటాక, పట్టాల పక్కన
గుర్తు తెలియని యువకుడు. వయసు ఇరవై రెండు ఉండొచ్చు.
చామనఛాయ. నీలం గళ్ల చొక్కా.
జిల్లా పేజీలో ఎరువుల ప్రకటన కింద వేశారు.

మర్నాడు ఆమదాలవలస స్టేషన్ బయట
ఇస్త్రీ బండి దగ్గర్నుంచి తవిటమ్మ కేకేసింది.
"ఏటి రాసినావు బాబూ, గళ్లా?
జమేదారు సొక్కా సూపించినాడు. సారలవి.
సారల సొక్కా గుంటడి కోసం ఎతుక్కున్న తల్లి
మనోడు కాడని నీ పేపరు మడిసెయ్యదా?"

ఆమెకు అక్షరాలు రావు. గుర్తులు వచ్చు.
కాలరు లోపల, మెడ చెమట ఇంకే చోట
నల్లజీడి రసంతో సూది మొన పెట్టిన
రెండు చుక్కలు, ఒక కొక్కెం.
ఇంతకాలం ఉతుకులకు పోలేదు.
రైలుకీ పోలేదు.
"ఇప్పుడెవులు పెడతన్నారిలగ? ముసిలోళ్లే.
ఎవులి కొడుకని అడక్కు. ఎవులి సెయ్యని అడుగు."

ఫోను నాది, చుట్టరికాలు ఆమెవి.
పొందూరులో మేనత్త, టెక్కలిలో మరిది,
సోంపేటలో వియ్యపురాలు, ఇచ్ఛాపురం అవతల ఇంకెవరో.
ముందు వానల సంగతి. పిల్లకు సంబంధం కుదిరిందా.
ఆ తర్వాతే
కొక్కెం ఎడంకి తిరిగిందా, కుడికా అని.

ఒకసారి తొందరపడ్డాం.
టెక్కలి దగ్గర ఒక ఇల్లు పగలంతా ఏడ్చింది.
సాయంత్రం వాళ్ల కుర్రాడు సూరత్ నుంచి ఫోన్ చేశాడు.
"ఆ ఏడుపు మన బాకీ" అంది తవిటమ్మ.
రెండు రోజులు ఎవరికీ ఫోన్ చెయ్యనివ్వలేదు.

పదకొండో రోజు మందసలో ఒక ముసలాయన
కొక్కెం తనదేనన్నాడు. ఇల్లు చూపించాడు.
తలుపు తీసింది చొక్కా సొంతదారే,
నోట్లో బ్రష్షు, భుజాన తువ్వాలు.
"నీలం సారలదా? చెన్నైలో నా రూములోవాడికిచ్చాను.
ఏదో ఇంటర్వ్యూ ఉందంటే..."
ఆ మాట పూర్తి కాకుండానే గడప మీద కూలబడ్డాడు.

మెళియాపుట్టి కొండల మీంచి
సవర ఎండయ్య తల్లి దిగి వచ్చేసరికి
మున్సిపాలిటీ వాళ్లు పూడ్చేసి చాలా రోజులైంది.
చొక్కా చూసి మావాడిది కాదంది.
నిజమే కదా.
బెల్టు కాదంది. ప్యాంటు తెలియదంది.
ఫొటో తీసుకుని, ముఖం కాదు,
ఎడమ చెవి చూసింది.
అంచున పుట్టుకతో వచ్చిన నొక్కు, బియ్యపు గింజంత.
పంచనామాలో లేదది. నా నాలుగు లైన్లలో లేదు.
ఫొటోలో మాత్రం అన్నాళ్లూ ఉంది.

పేరుతో సహా మళ్లీ రాసి పంపాను.
పాతదైపోయింది కదండీ అన్నారు డెస్కులో.

తవిటమ్మ బొగ్గులు ఊదుకుంటూ
పద్దుల పుస్తకం వెనక అట్ట మీద
నా చేత ఒక్క ముక్క రాయించింది:
ముందల సెవులు సూడాల.